గ్రాంటు డబ్బుతో చేసిన పరిశోధనను ఓపెన్ యాక్సెస్‌లో పెట్టడం ఎలా: శాంక్షన్ ఆర్డర్ నుంచి రిపాజిటరీ దాకా

"అన్నా, పేపర్ యాక్సెప్ట్ అయింది. ఓపెన్ యాక్సెస్ కావాలంటే రెండు లక్షల పైన కట్టమంటున్నారు. మా గ్రాంటులో ఓపెన్ యాక్సెస్ తప్పనిసరి అని ఉందంట. కట్టాల్నా?"

తిరుపతిలో ఒక లైబ్రరీలో పరిశోధకులకు సాయం చేసే పని నాది. ఎస్వీ యూనివర్సిటీ నుంచి వచ్చినా, పద్మావతి మహిళా యూనివర్సిటీ నుంచి వచ్చినా, స్విమ్స్ నుంచో అగ్రికల్చర్ కాలేజీ నుంచో వచ్చినా, స్కాలర్లు చివరికి అడిగేది ఇదే. ఓపెన్ యాక్సెస్ అంటే పేపర్‌ను ఎవరైనా డబ్బు కట్టకుండా చదవగలగడం. చాలాసార్లు నేను చెప్పే జవాబు "అక్కర్లేదు" అనే. కానీ డబ్బు కట్టకుండానే నిబంధన నెరవేరాలంటే, పేపర్ సబ్మిట్ చేయకముందే కొన్ని పనులు వరసగా జరిగి ఉండాలి. యాక్సెప్ట్ అయ్యాక వస్తే నేను చేయగలిగేది సగమే. అందుకే ఆ వరసంతా ఇక్కడ రాస్తున్నాను.

1. డబ్బు ఎవరిదో కాగితం మీద రాసుకోండి

"గ్రాంటు ఎవరిది?" అని అడిగితే చాలామంది ప్రాజెక్టు పేరు చెబుతారు. నాకు కావాల్సింది డబ్బిచ్చిన సంస్థ పేరు, శాంక్షన్ నంబరు, అంటే గ్రాంటు మంజూరు చేస్తూ ఇచ్చిన ఆర్డర్ మీది నంబరు. ఒక పేపర్ వెనక ఒక్క గ్రాంటే ఉండడం అరుదు.

ఎర్రచందనం మీద ఒక పేపర్ అనుకుందాం. గైడ్ గారి ప్రాజెక్టుకు డబ్బిచ్చింది కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అంటే డీబీటీ. స్కాలర్‌కు వచ్చేది కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం, అంటే డీఎస్టీ వారి ఇన్‌స్పైర్ ఫెలోషిప్. రసాయన విశ్లేషణ చేసిన సహ రచయిత బ్రిటన్‌లో ఉన్నారు, ఆయన జీతం అక్కడి ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ యూకేఆర్ఐ గ్రాంటు నుంచి వస్తోంది. అంటే పేపర్ ఒకటే అయినా డబ్బులు మూడు చోట్లవి, నిబంధనలూ మూడు రకాలు. ఇలాంటప్పుడు అన్నింటిలోకి ఏది గట్టిదో దాన్ని పాటించాలి. అది పాటిస్తే మిగతా రెండూ చాలావరకు వాటంతటవే నెరవేరుతాయి.

రాసుకోవాల్సినవి:

- ప్రతి రచయితకు జీతం లేదా ఫెలోషిప్ ఇచ్చే సంస్థ
- ప్రాజెక్టుకు, పరికరాలకు, రసాయనాలకు డబ్బిచ్చిన సంస్థ
- ఒక్కో దాని శాంక్షన్ నంబరు, ఆర్డర్‌లో ఉన్నది ఉన్నట్టు
- ప్రాజెక్టు ముగిసే తేదీ

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పేపర్లు తరచూ ప్రాజెక్టు అయిపోయాకే వస్తాయి. అకౌంట్ మూసేసి యూటిలైజేషన్ సర్టిఫికెట్ పంపేశాక ప్రచురణ ఖర్చు ఏ హెడ్ కింద చూపిస్తారు? చివరికి అది స్కాలర్ జేబు మీదే పడుతుంది.

పాత ఆర్డర్లలో సెర్బ్ అని ఉంటుంది, అది సైన్స్, ఇంజినీరింగ్ పరిశోధనకు నిధులిచ్చిన కేంద్ర బోర్డు. 2023 నాటి చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్, అంటే ఏఎన్ఆర్ఎఫ్‌లో అది కలిసిపోయింది. మీ ఆర్డర్‌లో ఏ పేరు, ఏ నంబరు ఉంటే వాటినే వాడండి. సందేహం ఉంటే ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు ఒక మెయిల్ పెట్టండి.

2. ఒక్కో సంస్థ గురించి ఐదు ప్రశ్నలకు జవాబు రాయండి

శాంక్షన్ ఆర్డర్‌లో మొదటి పేజీ, డబ్బు పట్టిక మాత్రమే చూసి ఫైలు మూసేస్తుంటారు. షరతులు ఉండేది వెనక పేజీల్లో, చిన్న అక్షరాల్లో. వాటితో పాటు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఓపెన్ యాక్సెస్ విధానం తీసి పక్కన పెట్టుకుని ఈ ఐదింటికీ జవాబు రాయండి.

- ఏ ప్రతిని అందుబాటులో పెట్టాలి? జర్నల్ ముద్రించినదా, మీరు చివరిగా పంపగా ఎడిటర్ ఒప్పుకున్నదా?
- ఎక్కడ పెట్టాలి?
- ఎప్పటిలోగా అది అందరికీ తెరుచుకోవాలి?
- ఏ లైసెన్స్ కింద?
- ప్రచురణ రుసుము, అంటే ఏపీసీ, వాళ్లు ఇస్తారా?

మన దగ్గరికి ఎక్కువగా వచ్చే సంస్థల విషయం ఇదీ.

డీబీటీ, డీఎస్టీ: రెండు విభాగాలకూ కలిపి 2014 డిసెంబరులో వచ్చిన విధానం ఉంది. 2012-13 ఆర్థిక సంవత్సరం నుంచి వచ్చిన నిధులతో రాసిన పేపర్లకు అది వర్తిస్తుంది. ఎడిటర్ ఒప్పుకున్న చివరి ప్రతిని సంస్థ రిపాజిటరీలో, అంటే పేపర్లు దాచే ఆన్‌లైన్ భాండాగారంలో గానీ కేంద్ర రిపాజిటరీలో గానీ పెట్టాలి. మూసి ఉంచే గడువు సైన్స్, ఇంజినీరింగ్ పేపర్లకు 6 నెలలు, హ్యుమానిటీస్, సామాజిక శాస్త్రాలకు 12 నెలలు దాటకూడదు. ఇక అందరూ దాటేసి వెళ్లే వాక్యం ఒకటుంది: జర్నళ్లు వసూలు చేసే ఏపీసీ భారం తాము మోయబోమని ఆ విధానంలోనే రాసుంది. "ఓపెన్ యాక్సెస్ తప్పనిసరి" అన్న మాటను "డబ్బు కట్టడం తప్పనిసరి" అని చదువుకుంటున్నారు మనవాళ్లు. అక్కడ ఉన్నది అది కాదు. రిపాజిటరీలో పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

ఐసీఏఆర్, అంటే భారత వ్యవసాయ పరిశోధన మండలి: 2013 నుంచి వీళ్లకూ ఓపెన్ యాక్సెస్ విధానం ఉంది. ఇక్కడా పేపర్‌ను రిపాజిటరీలో పెట్టాలి, గడువు 12 నెలల లోపు. ఐసీఏఆర్ నిధులతో వేరుశనగ మీదో మామిడి మీదో పని చేసేవాళ్లు దీన్ని చూసుకోవాలి.

యూకేఆర్ఐ: 2022 ఏప్రిల్ 1 నుంచి సబ్మిట్ చేసిన పరిశోధన వ్యాసాలకు మూసి ఉంచే గడువు అన్నదే లేదు. ప్రచురితమైన రోజే తెరుచుకోవాలి. లైసెన్స్ సాధారణంగా సీసీ బై, అంటే రచయిత పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు.

ఎన్ఐహెచ్, అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ: పాత 12 నెలల గడువు పోయింది. 2025 జులై 1 నుంచి యాక్సెప్ట్ అయిన పేపర్లు ప్రచురణ తేదీనే పబ్‌మెడ్ సెంట్రల్ అనే వాళ్ల రిపాజిటరీలో తెరుచుకోవాలి. అమెరికా యూనివర్సిటీ ద్వారా వచ్చే ఉప గ్రాంటులో మీరు భాగస్వాములైనా ఈ మాట మీకూ వర్తిస్తుంది. మెడికల్ కాలేజీల వాళ్లు దీన్ని గుర్తు పెట్టుకోండి.

గేట్స్ ఫౌండేషన్: 2025 జనవరి నుంచి ఏపీసీలు ఇవ్వడం ఆపేసింది. ప్రీప్రింట్, అంటే రివ్యూకు ముందు నాటి ప్రతిని, ఆన్‌లైన్‌లో పెట్టడం తప్పనిసరి చేసింది.

యూరప్ సంస్థలు కలిసి తెచ్చిన ప్లాన్ ఎస్ అనే ఓపెన్ యాక్సెస్ విధానంలో భారత ప్రభుత్వం చేరలేదు. కాబట్టి ఆ నిబంధనలు మీ మీదకు నేరుగా రావు, అక్కడి సహ రచయితతో పాటు వస్తాయి. పేపర్ ఏ జర్నల్‌కు పంపాలో అనుకునే రోజే "మీ ఫండర్, అంటే డబ్బిచ్చే సంస్థ, ఏమంటోంది?" అని ఆయన్ని అడగండి.

3. జర్నల్ ఎంపిక: అసలు పని ఇక్కడే

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసి జర్నల్‌ను ఎంచుకుని, ఫండర్ నిబంధనల సంగతి చివర్లో చూసుకుంటారు. దాన్ని తిరగేయండి. ముందు ఐదు జవాబుల కాగితం బల్ల మీద పెట్టుకుని, దానికి సరిపడే జర్నళ్లలోంచి మంచిదాన్ని ఎంచుకోండి. ఇంకో మాట. భవిష్యత్తు గ్రాంట్లకు పని నాణ్యతే కొలమానం కావాలని, జర్నల్ పేరు కాదని డీబీటీ, డీఎస్టీ విధానమే చెబుతోంది. సెలక్షన్ కమిటీలన్నీ దాన్ని పాటిస్తున్నాయని నేను అనను. అడిగినప్పుడు చూపించడానికి మాత్రం మీ దగ్గర ఒక ఆధారం ఉంటుంది.

నేను సూచించే వరస ఇదీ.

మొదటిది, రచయితా పాఠకుడూ ఇద్దరూ డబ్బు కట్టక్కర్లేని జర్నళ్లు. వీటిని డైమండ్ అంటారు. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నళ్లు అకాడమీ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఐసీఎంఆర్ వారి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్ ఉంది. సీఎస్ఐఆర్-నిస్పర్ తెచ్చే జర్నళ్లున్నాయి. "మనదేశం జర్నలా?" అని మొహం చిన్నబుచ్చుకునే స్కాలర్లను రోజూ చూస్తాను. మీ పేపర్ చదవాల్సినవాళ్లు ఎవరో ఒక్కసారి ఆలోచించి, ఆ తర్వాత వద్దనుకోండి.

రెండోది, చందా జర్నల్‌లో ఉచితంగా ప్రచురించి, యాక్సెప్ట్ అయిన ప్రతిని రిపాజిటరీలో పెట్టడం. ఇది గ్రీన్ దారి. మన గ్రాంట్లలో ఎక్కువ వాటికి ఇదే సరిపోతుంది.

మూడోది, ఏపీసీ కట్టే పూర్తి ఓపెన్ యాక్సెస్ జర్నల్. గ్రాంటులో ఆ పద్దు ముందే ఉంటేనే వెళ్లండి.

ఇక హైబ్రిడ్. చందా జర్నల్‌లోనే ఒక్క పేపర్‌ను తెరవడానికి డబ్బు కట్టడం. దీన్ని నేను ఎవరికీ సూచించను. లైబ్రరీలు చందా కడుతూనే ఉంటాయి, పైన మీరూ కట్టాలి. 2020 నవంబరులో నేచర్ పత్రిక ప్రకటించిన రుసుము 9,500 యూరోలు. ఆ డబ్బుతో ఇక్కడ ఒక రీసెర్చ్ స్కాలర్‌కు ఏడాదికి పైగా ఫెలోషిప్ ఇవ్వొచ్చు. అనేక ఫండర్లు కూడా హైబ్రిడ్ రుసుము ఇవ్వరు.

జర్నల్ ఏ దారిని అనుమతిస్తుందో తెలుసుకోవడానికి, బ్రిటన్‌కు చెందిన జిస్క్ నడిపే ఓపెన్ పాలసీ ఫైండర్ ఉంది. నిన్నమొన్నటి దాకా షెర్పా రోమియో అనేవాళ్లు. పేరుతో కాకుండా ఐఎస్ఎస్ఎన్ అనే జర్నల్ గుర్తింపు నంబరుతో వెతకండి, ఒకే పేరున్న జర్నళ్లు చాలా ఉంటాయి. వచ్చిన పేజీలో మూడు ప్రతులకు మూడు వరసలు కనిపిస్తాయి: సబ్మిట్ చేసినది, యాక్సెప్ట్ అయినది, ముద్రించినది. మధ్యలో ఉన్నదాన్ని చూడండి. ఎన్ని నెలలు ఆగాలి, ఎక్కడ పెట్టొచ్చు, ఏ లైసెన్స్ అన్నవి అక్కడే ఉంటాయి. ఆ పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి, ఎందుకంటే జర్నల్ విధానాలు మారుతుంటాయి.

ఏపీసీ అడిగే జర్నల్ అయితే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితా డీవోఏజేలో ఉందో లేదో చూడండి. పేరు కనబడగానే సంతోషపడొద్దు. అక్కడి లింకు నొక్కి జర్నల్ వెబ్‌సైట్‌కు వెళ్లండి. పేరున్న జర్నల్‌కు నకిలీ సైటు కట్టి రుసుము వసూలు చేసేవాళ్లున్నారు. వాట్సాప్‌లో వచ్చిన లింకు ద్వారా ఎప్పుడూ సబ్మిట్ చేయవద్దు. మూడు రోజుల్లో యాక్సెప్ట్ చేస్తామని, రివ్యూ అడగకుండానే యూపీఐ నంబరు పంపేవాళ్ల దగ్గరికి అసలు పోవద్దు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఒక ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసం చేసిందని 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. అంటే ఈ వ్యాపారం మనకు దూరంలో ఏమీ లేదు.

"కేర్ లిస్టులో ఉందా?" అని ఇంకా అడుగుతున్నారు. మంచి జర్నళ్లంటూ తానే పెట్టిన ఆ జాబితాను నిలిపేసినట్టు యూజీసీ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఇప్పుడు జర్నల్‌ను పరిశీలించుకోవాల్సింది మీరూ మీ డిపార్ట్‌మెంటూనే.

రుసుము మినహాయింపు గురించి కూడా చెప్పాలి. పెద్ద ప్రచురణ సంస్థలు పేద దేశాలకు ఇచ్చే ఆటోమేటిక్ మినహాయింపు జాబితాల్లో ఇండియా సాధారణంగా ఉండదు. విడిగా అడగొచ్చు, కానీ చాలా చోట్ల సబ్మిట్ చేసేటప్పుడే అడగాలి. యాక్సెప్ట్ అయ్యాక అడిగితే "ఆలస్యమైంది" అంటారు.

4. సబ్మిట్ చేసే రోజు

- కృతజ్ఞతల భాగంలో ప్రతి ఫండర్ పూర్తి పేరు, శాంక్షన్ నంబరు ఉందా?
- సబ్మిషన్ ఫారంలో ఫండర్ పేరు అడిగే గడిని కూడా నింపారా? కృతజ్ఞతల్లో రాశాం కదా అని దాన్ని ఖాళీగా వదలొద్దు. వెతికే యంత్రాలు చదివేది ఆ గడినే.
- రచయితలందరి ఆర్కిడ్ నంబర్లు, అంటే పరిశోధకుల గుర్తింపు నంబర్లు, ఇచ్చారా?
- యూరప్, బ్రిటన్ గ్రాంటు ఉంటే హక్కుల వాక్యం పెట్టారా? "ఈ సబ్మిషన్ నుంచి వచ్చే యాక్సెప్ట్ అయిన ప్రతికి రచయిత సీసీ బై లైసెన్స్ వర్తింపజేశారు" అన్న అర్థం వచ్చే వాక్యం అది. ఫండర్ సైటులో ఉన్న మాటలనే ఎత్తి రాయండి, సొంతంగా కల్పించవద్దు. కవర్ లెటర్‌లో, పేపర్‌లో రెండు చోట్లా ఉండాలి.
- ప్రీప్రింట్ పెడుతున్నారా? జర్నల్ ఒప్పుకుంటుందని చూసుకుని, సహ రచయితలందరినీ అడిగి పెట్టండి. పేటెంట్ ఆలోచన ఉంటే మాత్రం ముందు పేటెంట్ ఫైల్ చేయాలి. ప్రీప్రింట్ బయటికి వచ్చాక ఆ పని చిక్కుల్లో పడుతుంది.

5. యాక్సెప్టెన్స్ మెయిల్ వచ్చిన వారం

మెయిల్ వచ్చిన రోజు స్వీట్లు పంచుతారు, మంచిదే. మరుసటి రోజు ఈ రెండు పనులు చేయండి.

ఒకటి, సరైన ఫైలును పక్కకు తీయడం. దీని దగ్గరే అందరూ తడబడతారు.

మొన్నామధ్య ఒక అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. ఫోల్డర్ తెరిస్తే పదకొండు వర్డ్ ఫైళ్లు. 'ఫైనల్', 'ఫైనల్ 2', 'సార్ కరెక్షన్స్', 'ఫైనల్ లేటెస్ట్', 'రివిజన్ ఫైనల్ క్లీన్'. "ఏది యాక్సెప్ట్ అయిందమ్మా?" అంటే ఆమెకూ తెలియదు. టెన్షన్ పడిపోయింది. జర్నల్ సబ్మిషన్ సిస్టమ్‌లోకి లాగిన్ చేయించి, చివరి రివిజన్ తేదీ చూసి, అక్కడి నుంచే ఫైలు దింపాం. లాప్‌టాప్‌లో ఉన్న 'ఫైనల్ లేటెస్ట్'లో రెండో రివ్యూయర్ అడిగిన పట్టికే లేదు! దాన్నే రిపాజిటరీలో పెట్టి ఉంటే తప్పు ప్రతి శాశ్వతంగా నిలిచిపోయేది.

గుర్తుపట్టడం ఇలా:

- రివ్యూయర్లు చెప్పిన మార్పులన్నీ ఉండాలి
- జర్నల్ లోగో, పేజీ నంబర్లు, రెండు కాలమ్‌ల అమరిక ఉండకూడదు. ఉంటే అది ప్రచురణకర్త తయారు చేసిన ప్రూఫ్ లేదా ముద్రిత ప్రతి. దాన్ని పెట్టే హక్కు చాలావరకు మీకు ఉండదు.
- బొమ్మలు, పట్టికలు, అనుబంధ ఫైళ్లు అన్నీ ఒకే పీడీఎఫ్‌లోకి రావాలి

మొదటి పేజీ పైన నాలుగు ముక్కలు రాయండి: ఇది యాక్సెప్ట్ అయిన ప్రతి అని, జర్నల్ పేరు, యాక్సెప్ట్ అయిన తేదీ, ముద్రిత ప్రతి డీవోఐ (పేపర్ శాశ్వత గుర్తింపు సంఖ్య). డీవోఐ ఇంకా రాకపోతే తర్వాత చేర్చండి.

ఇక ఆ రోజు నుంచి ఆ ఫైలుకు పేరు కూడా పద్ధతిగా పెట్టండి. రచయిత ఇంటిపేరు, జర్నల్ పేరు, తేదీ. చాలు.

రెండు, ఒప్పందం. యాక్సెప్ట్ కాగానే కాపీరైట్ ఫారం వస్తుంది. కరెస్పాండింగ్ రచయిత ఫోన్లోనే నాలుగు సార్లు 'నెక్స్ట్' నొక్కి సంతకం చేసేస్తుంటారు. ఒక్క పూట ఆగండి. అక్కడ సాధారణంగా రెండు దారులు చూపిస్తారు. పెద్ద అక్షరాల్లో, రంగు బటన్‌తో ఉండేది డబ్బు కట్టే దారి. చందా దారి కింద చిన్నగా ఉంటుంది. "మీ ఫండర్ ఓపెన్ యాక్సెస్ కోరుతున్నారు, కాబట్టి ఇది ఎంచుకోండి" అని కూడా రాస్తారు. కంగారు పడొద్దు. మీ ఫండర్ కోరుతున్నది గ్రీన్ దారిలో నెరవేరుతుందో లేదో మీ ఐదు జవాబుల కాగితంలో ఇప్పటికే ఉంది. నెరవేరితే చందా దారి ఎంచుకోండి. సంతకం చేసిన ఒప్పందం పీడీఎఫ్ దాచుకోండి.

పొరపాటున రంగు బటన్ నొక్కేస్తే అదే రోజు ఎడిటోరియల్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి. పేపర్ ప్రచురితం కాకముందైతే మార్చే వీలుంటుంది. ఇన్‌వాయిస్ వచ్చి, పేపర్ బయటికొచ్చాక చాలా కష్టం.

6. ఫండర్ 6 నెలలంటే, జర్నల్ 12 నెలలంటే?

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

డీఎస్టీ సైన్స్ పేపర్‌ను 6 నెలల్లో తెరవమంటోంది. స్ప్రింగర్ చందా జర్నళ్లలో యాక్సెప్ట్ అయిన ప్రతిని రిపాజిటరీలో తెరవడానికి మామూలుగా 12 నెలలు ఆగమంటారు. ఇద్దరి మధ్యా మీరు. ఏం చేయాలి?

సబ్మిట్ చేయకముందే ఇది తెలిస్తే జర్నల్ మార్చుకోవడం అన్నింటికన్నా సులువు. సేజ్, ఎమరాల్డ్ జర్నళ్లు యాక్సెప్ట్ అయిన ప్రతిని గడువు లేకుండా సంస్థ రిపాజిటరీలో పెట్టనిస్తాయి. ఇంజినీరింగ్ వాళ్లకు ఐఈఈఈ కూడా అంతే, వాళ్లు చెప్పిన కాపీరైట్ వాక్యం మొదటి పేజీలో ఉంచాలి.

జర్నల్ మార్చలేకపోతే సంతకానికి ముందు ఎడిటర్‌కు రాయండి. "నా ఫండర్ విధానం ప్రకారం 6 నెలలకు తెరవాలి, అనుమతించండి" అని శాంక్షన్ నంబరుతో, విధానం లింకుతో. ఒప్పుకుంటే ఆ మెయిలే మీ అనుమతి పత్రం.

ఒప్పుకోకపోతే మూడు పనులు చేయండి. యాక్సెప్ట్ అయిన ప్రతిని రిపాజిటరీలో ఇప్పుడే ఎక్కించి ఫైలును మాత్రం మూసి ఉంచండి. పేరు, సారాంశం, ఫండర్ వివరాలు అందరికీ కనిపిస్తాయి. తర్వాత, 'ప్రతి కోరండి' బటన్ ఆన్ చేయించండి. రిపాజిటరీలు నడిపే సాఫ్ట్‌వేర్లు డీస్పేస్, ఈప్రింట్స్ రెండింటిలోనూ ఆ సౌకర్యం ఉంది. చదవాలనుకున్నవారు నొక్కితే మీకు మెయిల్ వస్తుంది, మీరు వ్యక్తిగతంగా పంపొచ్చు. మూడోది, రివ్యూకు ముందు నాటి ప్రతిని ప్రీప్రింట్‌గా పెట్టండి, స్ప్రింగర్‌కు దాని మీద అభ్యంతరం లేదు. ఫండర్‌కు పంపే నివేదికలో జరిగింది జరిగినట్టు రాయండి. దాచిపెట్టి 6 నెలలకే తెరిచేస్తే ఒప్పందం ఉల్లంఘించినట్టు అవుతుంది. మీ పేరు మీద సంతకం ఉంది, మర్చిపోవద్దు.

గడువు సున్నా ఉన్న ఫండర్‌తో మాత్రం ఈ సర్దుబాటు చెల్లదు. అక్కడ హక్కుల వాక్యమో, జర్నల్ మార్పో, రెండే దారులు.

7. రిపాజిటరీలో పెట్టడం

మీ సంస్థకు రిపాజిటరీ ఉందేమో లైబ్రేరియన్‌ను అడగండి. లేకపోతే డీబీటీ, డీఎస్టీ విభాగాల కేంద్ర రిపాజిటరీ చూడండి. సైటు తెరుచుకోకపోతే ఆ స్క్రీన్‌షాట్‌తో ప్రోగ్రామ్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టి, ఈలోగా సెర్న్ నడిపే జెనోడోలో ఎక్కించండి. అక్కడ రుసుము లేదు, మూసి ఉంచే తేదీ పెట్టుకోవచ్చు.

పరిశోధకుల సోషల్ నెట్‌వర్క్ రీసెర్చ్‌గేట్‌లో పెట్టాం కదా అంటారు. అది రిపాజిటరీ కింద లెక్కకు రాదు. పైగా అక్కడ చాలామంది పెట్టేది ముద్రిత ప్రతి, అది ఇంకో తప్పు.

నింపాల్సిన గళ్లు: పేపర్ పేరు, రచయితలు, జర్నల్, డీవోఐ, ఫండర్, శాంక్షన్ నంబరు, ప్రతి రకం, తెరుచుకునే తేదీ, లైసెన్స్. తెరుచుకునే తేదీని ప్రచురణ తేదీ నుంచి లెక్కపెట్టండి, యాక్సెప్ట్ అయిన తేదీ నుంచి కాదు. ఆన్‌లైన్‌లో మొదట వచ్చిన తేదీనా, సంచికలో వచ్చిన తేదీనా అన్నది జర్నల్ విధానంలో చూసుకోండి. లింకు రాగానే ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. మీ లాగిన్‌తో తెరుచుకున్నంత మాత్రాన అందరికీ తెరుచుకున్నట్టు కాదు.

ఆ లింకును తర్వాతి ప్రోగ్రెస్ రిపోర్టులో ప్రచురణల పట్టికలో చేర్చండి.

8. మళ్లీ మళ్లీ చూసే తప్పులు

"వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, ఇంక ఎందుకు?" 2025 జనవరిలో మొదలైన ఆ పథకం ద్వారా 6,300 దాకా ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లు 13,000 దాకా జర్నళ్లు చదవొచ్చు. అది చదివే హక్కు, అదీ ఆ సంస్థల లోపలివాళ్లకు. పీలేరు వైపు నుంచి ఒక వ్యవసాయ విస్తరణ అధికారి ఒకసారి మా దగ్గరికి వచ్చారు. వేరుశనగ తెగులు మీద ఒక పేపర్ ఫోన్లో తెరిచి చూపించారు. సారాంశం కింద తెర సగానికి ఆగిపోయింది, డాలర్లలో ధర కనబడుతోంది. రచయితల చిరునామా చూస్తే తిరుపతి. ప్రయోగం చేసిన పొలం కూడా మన చిత్తూరు జిల్లాదే. మన డబ్బుతో, మన నేల మీద చేసిన పని ఆయన చేతిలోకి రాలేదు. రచయితకు ఫోన్ చేసి ఫైలు తెప్పించి ఇచ్చాం. అన్నిసార్లూ అలా కుదరదు. మీ నిబంధన ఆయన కోసం, చందా ఆయనకు చేరదు.

థీసిస్‌లు దాచే జాతీయ రిపాజిటరీ శోధ్‌గంగలో థీసిస్ ఉందని పేపర్ వదిలేయడం. థీసిస్ నిబంధన యూజీసీది, పేపర్ నిబంధన ఫండర్‌ది. ఒకదానికి ఇంకోటి బదులు కాదు.

గైడ్ చూసుకుంటారని స్కాలర్, స్కాలర్ చూసుకుంటారని గైడ్. పేరు రాసి ఒకరికి అప్పగించండి. సహ రచయిత ఇప్పటికే ఎక్కించి ఉంటే ఆ లింకు తీసుకోండి, చాలు.

డేటా సంగతి మరవడం. ఫండర్ డేటా కూడా అడుగుతున్నారేమో షరతుల్లో చూడండి. రోగుల వివరాలుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా తెరవకూడదు. ఎర్రచందనం చెట్లు ఉన్న చోట్ల కచ్చితమైన జీపీఎస్ అంకెలు కూడా బయట పెట్టకండి. శేషాచలంలో ఆ సమాచారం ఎవరికి పనికొస్తుందో మీకు చెప్పక్కర్లేదు.

9. పాత పేపర్లు ఉంటే

మూడేళ్ల కిందటి పేపర్‌ను ఇప్పుడు పెట్టొచ్చా అని అడుగుతుంటారు. పెట్టొచ్చు. గడువు దాటిపోయింది కాబట్టి నిజానికి అది ఇంకా సులువు.

ఒక శనివారం కూర్చోండి. ఆర్కిడ్ పేజీలో మీ పేపర్లన్నీ దింపి, గ్రాంటు నంబరు ఉన్నవాటిని వేరు చేయండి. ఓపెన్ పాలసీ ఫైండర్‌లో ఒక్కో జర్నల్ చూడండి. యాక్సెప్ట్ అయిన ఫైలు మీ దగ్గర లేకపోతే సబ్మిషన్ సిస్టమ్‌లో పాత లాగిన్‌తో ప్రయత్నించండి. అక్కడా లేకపోతే కరెస్పాండింగ్ రచయిత మెయిల్‌లో 'రివైజ్డ్' అని వెతకమనండి, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. పాస్‌వర్డ్ పోయిన జర్నల్ అయితే ఎడిటోరియల్ ఆఫీసును అడగండి.

ఫైలు చేతికొచ్చిన వాటిని ఆ రోజే ఎక్కించేయండి. మిగతావాటి జాబితా, శాంక్షన్ ఆర్డర్ జిరాక్స్ పట్టుకుని మీ లైబ్రరీకి వెళ్లండి.